పట్టుపోగు తెగని గడ్డం కత్తి

మా పెళ్లి సీడీలో మొదటి అరగంట నేను ఎడమ చెంప మీద తువ్వాలు అదిమిపట్టుకునే కనిపిస్తాను. చూసినవాళ్లు పన్నునొప్పి అనుకుంటారు. కాదండీ! ఆ తువ్వాలు కింద దాగింది నా తెలివితేటల ఫలితం. విని నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇరవై ఏళ్లుగా నవ్వుతూనే ఉంది.

గద్వాలలో మాది మగ్గం ఇల్లు. పెళ్లి వనపర్తిలో. పొద్దున్నే బస్సు వాకిట్లో నిలబడి ఉంది. పెళ్లికొడుక్కి గడ్డం గీయడానికి నర్సింలు మామ వచ్చాడు. దుకాణంలో బ్లేడు మార్చే కత్తులే వాడినా, పెళ్లికొడుకులకు మాత్రం వాళ్ల నాయిన నాటి మడతకత్తి తీసేవాడు. దాని కొస సూదే.

కుడి చెంప నున్నగా అయింది. చివర్లో ఆ కొస నా చెవితమ్మెకు తగిలింది.

"మామా, చెవి కోస్తివి!"

"ఊకె మెదులుతుంటే కోయదా? గమ్మునుండు పిల్లగా."

అంతలో అమ్మ పిలిచింది. "నర్సింలన్నా, జర చాయ్ తాగిపో, సల్లారుతది."

కత్తి పీట మీద పెట్టి మామ లోపలికి వెళ్లాడు. ఎడమ చెవి గతి తలుచుకుని నాకు భయం పట్టుకుంది.

ఇక్కడ మా పని గురించి ఒక మాట. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెకు కొస గరుకుగా ఉంటే పట్టుపోగులు తెగుతాయి. అందుకే ఉప్పుకాగితంతో రుద్ది, పోగు మీద రాసి చూస్తాం. పోగు తెగలేదంటే పనిముట్టు సిద్ధమైనట్టే. ఆ పనిలో మా వీధిలో నన్ను మించినవాడు లేడు మరి!

మగ్గం దగ్గరి ఉప్పుకాగితం తెచ్చి కత్తి కొసను నాలుగుసార్లు రుద్దాను. గుండ్రంగా వచ్చింది. అక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు. కొస నున్నగా, అంచు పదునుగా ఉంటే నేతగాడి మనసు ఒప్పుకుంటుందా? అంచు పొడవునా రుద్దాను. పట్టుపోగు మీద లాగి చూశాను. తెగలేదు! నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మామ వచ్చి ఎడమ చెంపకు నురగ పట్టించి కత్తి లాగాడు. నురగ వచ్చింది, గడ్డం రాలేదు. మళ్లీ లాగాడు. ఈసారి నా కళ్లలోంచి నీళ్లొచ్చాయి.

"ఏందిది? కత్తికేమైంది?"

"నేనే మామా, జర నున్నగ జేసిన. ఇగ చెవి కోయదు. పట్టుపోగు గూడ తెగుతలేదు, చూడు!"

"పోగే తెగకుంటే వెంటిక ఎట్ల తెగుతదిరా?"

ఒట్టు, అప్పటిదాకా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను కొసకు మందేసి అంచు ఊడగొట్టాను.

బయట బస్సు హారన్. నాయిన పరుగున వచ్చి నా మొహం చూశాడు.

"సగమేందిరా? ముహూర్తం దాటిపోతది, లే!"

ఇంటిల్లిపాదికీ మామే గీస్తాడు కనుక మా ఇంట్లో బ్లేడన్నదే లేదు, మామ దుకాణానికి పోయొచ్చే తీరికా లేదు. తువ్వాలు అడ్డం పెట్టుకుని బస్సెక్కాను. మామ నా పక్కనే కూర్చుని, దారి పొడవునా ఆ కత్తిని బొటనవేలితో తడుముతూనే ఉన్నాడు. "మా నాయినది పిల్లగా" అన్నాడు ఒక్కసారి. తిట్టినా బాగుండేది. పెళ్లి సంతోషమంతా పోయి నాకు ఏడుపొచ్చింది.

వనపర్తిలో దిగగానే అత్తగారు ఎదురొచ్చారు. "అయ్యో, పన్ను నొస్తున్నదా అల్లుడా?" అంటూ లవంగాలు తెచ్చిచ్చారు. నమిలాను. ఏం చేయను మరి! మామ బ్లేడు కొనుక్కొచ్చి, స్నానాలగదిలో తలుపు గడియ పెట్టి మిగతా సగం గీశాడు.

వారం రోజులు సానరాయి మీద నూరి కత్తికి మళ్లీ పదును తెచ్చాడు. కొస మాత్రం గుండ్రంగానే ఉంచేశాడు. "గదొక్కటి మంచిగనే జేసినవ్" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

రెండేళ్లకు మా బాబుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి మామ అదే కత్తి పట్టుకొచ్చాడు. పీట మీద పెట్టబోయి, నన్ను చూసి ఆగి, మా ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, నేను చాయ్ తాగొస్త. అంతదాంక నీ మొగని చేతులు గట్టిగ వట్టుకో."

అందుకే నేసే మగ్గం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నాడెను తప్ప మరే వస్తువునూ నున్నగా చేయను. మా ఆవిడ కత్తిపీట జోలికైతే అసలే పోను.