అత్త తడిగుడ్డ, కంప్యూటర్ నిద్ర

ఆ రోజుల్లో నాకు కోపం తొందరగా వచ్చేది. ఇప్పుడూ వస్తుందనుకోండి, కానీ అప్పట్లో అది ఎప్పుడూ తప్పు మనిషి మీదే పడేది. కంప్యూటర్ కోర్సు పూర్తయి నెల కూడా కాలేదు. హార్బర్ దగ్గర రొయ్యల కంపెనీలో నేల తుడిచే మా మేనత్త, అక్కడి మేనేజర్‌ని వారం రోజులు బతిమాలి నన్ను ఆఫీసు గదిలో కుర్చీ ఎక్కించింది. ఆయనకి మేం పెట్టిన పేరు థర్మామీటర్ (ఎవరు ఎదురైనా ముందు "ఎంతుంది?" అనే అడిగేవాడు). రొయ్యలు నిల్వ ఉంచే కోల్డ్ రూములో చలి ఎంతుందో ఐదేసి నిమిషాలకోసారి వైఫైలో నా కంప్యూటర్‌కి వచ్చి తెరమీద గీతలా పడేది. ఆ గీత తెగితే సరుకు కొనేవాళ్లు అనుమానపడి వెనక్కి పంపేస్తారు. పగటిపూట గీత తెగకుండా చూడటమే నా ఉద్యోగం.

చేరిన రోజు నుంచే గీత తెగడం మొదలైంది. రోజూ సరిగ్గా భోజనాల వేళకే. ఆ సమయంలో అందరం క్యాంటీన్లో ఉంటాం, గదిలో ఉండేది తుడవడానికి వచ్చిన అత్త ఒక్కతే. థర్మామీటర్ నిమిషంలో తీర్పు చెప్పేశాడు. "మీ అత్త తుడిసినప్పుడే ఆగిపోతంది. వైర్లు తన్నేస్తంది. శనివారం దాకా సూత్తాను. అప్పటికీ ఇంతే అయితే ఇంక పనిలోకి రావద్దని నువ్వే సెప్పు." నాకు ఒళ్లు మండిపోయింది. మండినదాన్ని ఆయనతో పోట్లాడాలా? ఆయన నా ఉద్యోగం తీసేయగలడు, అత్త తీయలేదు. అందుకని రొయ్యలు ఒలిచే ఆడవాళ్లందరి ముందూ అత్త మీద పడ్డాను. నీ తడిగుడ్డతో నా ఉద్యోగం ఊడగొడతావా అని అరిచాను, నాకు ఆ ఉద్యోగం ఇప్పించిన మనిషి మీద. అత్త తిట్టలేదు. "నాను ముట్టుకోనేదే అమ్మీ," అని బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయింది. తిరిగి తిట్టనందుకు ఇంకా కోపం వచ్చింది.

శుక్రవారం భోజనం మానేసి, చేతులు కట్టుకుని కంప్యూటర్ ముందు కాపలా కూర్చున్నాను. అత్త గుమ్మం బయటే నిలబడింది, లోపలికి అడుగు పెట్టలేదు. ఐదు నిమిషాలయ్యాక ఎవరూ ముట్టుకోకుండానే తెర నల్లబడింది. సెట్టింగులు తెరిచి చూస్తే, ఐదు నిమిషాలు ఎవరూ కదపకపోతే నిద్రపోమని రాసి ఉంది; నిద్రలో ఉంటే గీత పడదు. ఏ వెధవ పెట్టాడని పళ్లు కొరికాక గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు నేనే పెట్టాను, ఈ చేతులతోనే. అత్త ఇంట్లో పెరిగినదాన్ని. పీట మీద నుంచి లేచినవాళ్లు లైటు ఆపకపోతే వీపు మీద ఒకటి పడేది. ఆ పెంపకంతో కరెంటు ఆదా అనుకుని పెట్టి మరిచిపోయాను. భోజనం నుంచి వచ్చి మౌస్ కదపగానే కంప్యూటర్ లేచి కూర్చునేది, నాకేం తెలుస్తుంది?

నిద్ర దగ్గర "నెవర్" అని పెట్టాను. శనివారం భోజనాల వేళ తెర వెలుగుతూనే ఉంది, గీత మాత్రం మళ్లీ తెగింది. కంప్యూటర్‌ని ఎత్తి సముద్రంలో పడేద్దామనిపించింది. కనిపించిన ప్రతి పేజీ తెరిచాను. చివరికి వైఫై అందుకునే అడాప్టర్ తాలూకు పవర్ పేజీలో ఒక టిక్ కనిపించింది: కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కి అనుమతి. అంటే కంప్యూటర్ కళ్లు తెరుచుకుని, చెవులు మూసుకుని కూర్చుందన్నమాట. ఈ టిక్ నేను పెట్టింది కాదు, మొదటి నుంచీ ఉన్నదే. తీసేశాను. ఇక మౌస్ ముట్టుకోకుండా సాయంత్రం దాకా కూర్చుంటే గీత ఎక్కడా తెగలేదు.

థర్మామీటర్‌ని పిలిచి చూపించి, సెట్టింగ్ తప్పు సార్ అన్నాను. (ఎవరి సెట్టింగో చెప్పలేదు.) ఆయన తలూపి వెళ్లిపోయాడు. అత్తతో ఒక్క మాట అనలేదు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ నేను మాత్రం అన్నానా?

ఇప్పుడు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్నాను. నా కంప్యూటర్ నిద్రపోదు, దాని అడాప్టర్ని నిద్రపోనివ్వను. అత్త వచ్చినప్పుడు మాత్రం, గదిలోంచి లేచి వెళ్తూ గోడ మీదున్న వైఫై స్విచ్ టక్కున ఆపేస్తుంది. మీటింగ్ మధ్యలో నేను మాయమైపోతాను. కోపం నెత్తికెక్కుతుంది. లేచి వెళ్లి స్విచ్ వేస్తాను. "ఏటే, నాను గానీ ఆపీసినానేటి?" అని అడుగుతుంది అత్త, కొంచెం బెదురుగా.

"నేదత్తా," అంటాను, "దానంతట అదే ఆగిపోనాది."