రత్నం అంకుల్ నాతో చెప్పించిన ఏడో ఆట

పోయిన మంగళవారం సాయంత్రం బ్లాక్‌టౌన్‌లో రైలెక్కి కూర్చున్నాను. పక్క సీట్లో ఒక యూనివర్సిటీ అమ్మాయి ఫోన్‌లో ఏదో చూస్తోంది. ఇయర్‌ఫోన్లు మరిచిపోయిందో ఏమో, ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు జపాన్ భాషలో అంకెలు చదవడం బయటికే వినిపిస్తోంది. "గో... రోకు... షిచి... హాచి..." ఆ గొంతులో తొందర లేదు, కంగారు లేదు. నాకు మాత్రం అరచేతుల్లో చెమట పట్టింది. షోగి అనే జపాన్ చదరంగంలో తన వాటా సమయం వాడేసుకున్న ఆటగాడికి ఆపైన ఎత్తుకి ఒక్క నిమిషమే ఇస్తారు. ఆ నిమిషంలో ఆఖరి సెకన్లని పక్కనున్నవాళ్లు అలా పైకి లెక్కపెడతారు. పది అనేలోపు పావు బోర్డు మీద పడాలి, లేదంటే ఆట పోయినట్టే. అది వింటూ నేను దిగాల్సిన వెస్ట్‌మీడ్ దాటిపోయింది కూడా గమనించలేదు. పరమట్టాలో దిగి, వెనక్కి వెళ్లే రైలు కోసం నిలబడి, రత్నం అంకుల్‌ని తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

రత్నం అంకుల్‌ది కాకినాడ. నలభై ఏళ్లు ఓడల్లో ఇంజనీరుగా తిరిగి, రిటైరయ్యాక కూతురి దగ్గరకని సిడ్నీ వచ్చేశారు. కూతురికి పెర్త్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినా, ఆంటీ పోయినా, ఆయన మాత్రం వెస్ట్‌మీడ్‌లోని ఆ పాత అద్దె ఫ్లాట్‌ని వదల్లేదు. "చర్చి ఇక్కడుంది, లైబ్రరీ ఇక్కడుంది, పెండిల్ హిల్‌లో పులస కాకపోయినా ఏదో ఒక చేప దొరుకుద్ది. ఇంకేం కావాలమ్మా?" అనేవారు. వయసులో ఉండగా ఒకసారి ఆయన ఓడ మరమ్మతుకని జపాన్ రేవులో మూడు నెలలు ఆగిపోయిందట. అక్కడి మేస్త్రీ ఒకాయన, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాకపోయినా, రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఈయనకి షోగి నేర్పాడు. మన చదరంగం లాంటిదే. ఎనభై ఒక్క గళ్లు, ఐదు మూలల చెక్క పావులు. తేడా ఏమిటంటే, ఎదుటివాడి దగ్గర పట్టుకున్న పావుని మన పావుగా మళ్లీ బోర్డు మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అందుకే చివరిదాకా బోర్డు ఖాళీ కాదు, ఓడిపోతున్నవాడి చేతిలో కూడా ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. పావుల జపాన్ పేర్లు నోరు తిరగవని అంకుల్ వాటికి ఏనుగు, గుర్రం, బల్లెం, బంగారం, వెండి అని మన పేర్లు పెట్టేసుకున్నారు.

తొమ్మిదేళ్ల కిందట నేను ఖమ్మం నుంచి వచ్చిన నర్సుని. నర్సునే గానీ ఇక్కడ ఇంకా నర్సుని కాదు. ఇక్కడి రిజిస్ట్రేషన్ పరీక్ష పాసయ్యేదాకా ముసలివాళ్ల హోమ్‌లో సహాయకురాలిగా పనిచేసేదాన్ని. అడిలైడ్ వెళ్లి ఆ పరీక్ష రాసి వచ్చాను. రాయడమంటే కాగితం మీద కాదు. గదికో రోగి పాత్రధారి, ఎదురుగా ఎగ్జామినరు, గంట కొట్టగానే పని మొదలుపెట్టాలి. ఫెయిలయ్యానని ఈమెయిల్ వచ్చిన రోజు తలుపు తీయడానికి కూడా చేతులాడక మెట్ల మీద కూర్చుండిపోయాను. కింది ఫ్లాట్‌లోంచి అంకుల్ చెత్తబుట్ట లాక్కుంటూ బయటికొచ్చి నన్ను చూశారు. ఏమైందని అడగలేదు.

"ఏ ఊరమ్మా మనది?" అన్నారు.

"ఖమ్మం, అంకుల్."

"సరే. ఏడవడం అయ్యేక లోపలికి రా. ఓ ఆట ఆడదాం. తలుపు తీసే ఉంటది."

ఆ మాటకి నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. అలా మొదలైంది. వారానికి మూడు సాయంత్రాలు, డ్యూటీ అయ్యాక ఒక గంట. నాలుగో వారానికి ఆయనకి నా పరీక్ష సంగతి తెలిసిపోయింది. ఒకరోజు నా ఏనుగుని ఒక మూలన చిక్కించుకుని, తినకుండా ఆగిపోయి అడిగారు. "పరీక్షలో ఏం తప్పు చేసేవు?"

"ఏం చెయ్యలేదంకుల్. అన్నీ కరెక్టుగానే చేసిన. చేతులు కడుక్కున్న, పేషెంట్ పేరు చూసిన, ఎలర్జీలు చూసిన. కానీ పైకి చెప్పలేదు. చెప్పకపోతే చెయ్యనట్టేనంట."

"ఎందుకు చెప్పలేదు?"

"తప్పు మాట్లాడతానేమోనని. ఇంగ్లీషులో తడబడితే నవ్వుతరని."

ఆయన నా ఏనుగుని తినేసి తన పక్కన పెట్టుకున్నారు. "నువ్వు లోపల గెలిచి బయట ఓడిపోతున్నావమ్మా," అన్నారు. ఆరోజు నుంచి నోరు విప్పకుండా పావు ముట్టుకోవడానికి వీల్లేదు. ఏం చూస్తున్నానో, ఏది భయపెడుతోందో, ఎందుకు ఈ ఎత్తు వేస్తున్నానో ఇంగ్లీషో తెలుగో రెండూ కలిపో పైకి చెప్పాలి. తప్పు చెప్పినా సరే. "తప్పని తెలిసేక, తప్పని కూడా నువ్వే చెప్పు. మొదట ఎంత గట్టిగా చెప్పేవో అంత గట్టిగా." మొదట్లో నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించేది. పై ఫ్లాట్ వాళ్లు నేను ఫోన్‌లో ఎవరితోనో రోజూ గొడవపడుతున్నానని అనుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది మార్చిలో జపాన్‌లో పెద్ద టైటిల్ మ్యాచ్ మూడు మూడుతో సమానమై ఏడో ఆటకి వచ్చింది. అది గెలిచినవాడిదే టైటిల్. చాంపియన్‌కి నలభై దాటాయి, చాలెంజర్‌కి ఇరవై నిండి ఎంతో కాలం కాలేదు. అంకుల్ పెండిల్ హిల్‌లో ఒక చిన్న హాలు తీసుకుని, శని ఆదివారాలు రెండు రోజులూ ఆట అందరికీ చూపిస్తానని కరపత్రాలు పంచారు. ఇనపరేకు మీద గళ్లు గీసి, ఫ్రిజ్ అయస్కాంతాలకి అట్టముక్కలు అంటించి, గోడకి తగిలించే పెద్ద బోర్డు ఆయనే తయారుచేశారు. జపాన్ నుంచి ప్రత్యక్ష ప్రసారం వచ్చే టీవీ తెరమీద ఎత్తు పడగానే ఆ బోర్డు మీద పావు జరపడం నా పని, మైకులో వివరించడం ఆయన పని. అప్పటికి నా రెండో పరీక్ష పదిహేను రోజుల్లో ఉంది. ఈసారి పోతే వీసా గడువు కూడా పరీక్షతోపాటే పోతుంది.

మొదటిరోజు చాలెంజర్ వెండిని ముందుకు తోసుకుంటూ సూటిగా దాడికి వచ్చాడు. చాంపియన్ ఒక్కో బంటుని అడ్డంపెట్టి రాజు చుట్టూ కోట కట్టుకున్నాడు. ఆ రోజు ఆట ముగిసేటప్పుడు ఎత్తు వేయాల్సినవాడు దాన్ని కాగితం మీద రాసి కవరులో పెట్టి ఇస్తాడు. మర్నాడు పొద్దున విప్పేదాకా ఎదుటివాడికీ తెలియదు. అంకుల్ మాక్కూడా తలా ఒక చీటీ ఇచ్చి ఆ ఎత్తేమిటో ఊహించమన్నారు. నేను, గుర్రం దూకుతుంది అని రాశాను. మర్నాడు అంకుల్ తెల్లవారుఝామునే ఆరాధనకి వెళ్లొచ్చి, ఆ తెల్లచొక్కాతోనే హాలు తలుపులు తీశారు. జపాన్‌లో కవరు కత్తిరించారు. గుర్రమే! పాతికమందిలో అది రాసింది నేనూ, ముందు వరసలో కూర్చున్న ఒక జపాన్ పెద్దావిడా మాత్రమే. ఆవిడ వెనక్కి తిరిగి నాకు రెండు చేతులూ ఊపింది. నాకు నేల మీద కాళ్లు ఆనలేదు.

మధ్యాహ్నానికి ఆట ముదిరింది. ఇటు కోట గోడ ఒకటి కూలింది, అటు ఏనుగు లోపలికి చొరబడింది. తెర పైభాగాన కంప్యూటర్ అంచనా చూపించే రంగుల పట్టీ ఒకటి ఉంది. ఎవరిది పైచేయి అయితే ఆ రంగు పెరుగుతుంది. అది మెల్లగా చాలెంజర్ వైపు పాకింది. సాయంత్రం అయ్యేసరికి చాలెంజర్‌కి సమయం అయిపోయి ఎత్తుకి ఒక్క నిమిషమే మిగిలింది. చాంపియన్‌కి ఇరవై నిమిషాలున్నాయి. సరిగ్గా అప్పుడు అంకుల్ మైకు తీసి నా చేతిలో పెట్టారు.

"నా గొంతు పోయిందమ్మా. నువ్వు చెప్పు."

గొంతు నిక్షేపంగా ఉంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. "వద్దంకుల్, ప్లీజ్," అన్నాను. అది మైకులోనే హాలంతా వినిపించింది. అందరూ నవ్వారు. ఇక దాక్కోవడానికి ఏమీ మిగల్లేదు.

చాంపియన్ ఆలోచించాడు. ఐదు నిమిషాలు, పది, పదిహేను. పద్దెనిమిదో నిమిషంలో చెయ్యి చాపి, తన రాజుని ఒక్క గడి ముందుకి జరిపాడు. దాడీ కాదు, రక్షణా కాదు. శత్రువు వైపే ఒక అడుగు! పట్టీ మొత్తం చాలెంజర్ రంగులోకి మారిపోయింది. బ్లాక్‌టౌన్ నుంచి వచ్చిన కిరణ్ అని ఒక ఐటీ కుర్రాడు, చెస్ బాగా ఆడతాడు, "గేమ్ ఓవర్," అని లేచి నిలబడ్డాడు. నేనూ మైకులో అదే అన్నాను. "ఐ థింక్ ఇట్స్ ఓవర్."

"ఎవరు చెప్పేరు?" వెనకనుంచి అంకుల్ అడిగారు.

"కంప్యూటర్, అంకుల్."

ఆయన మూలనున్న వంటగట్టు మీంచి టీ టవల్ లాగి, కుర్చీ ఎక్కి, నా బ్యాగులోని బ్యాండేజీ టేపుతో తెర మీద ఆ పట్టీ కనపడకుండా టవల్ అంటించేశారు. దిగి, చేతులు దులుపుకుని అన్నారు. "ఇప్పుడు నువ్వు చెప్పు. యాభై సెకన్లు కూడా లేవు."

పాతిక మొహాలు నా వైపే. నేను బోర్డు వైపు తిరిగి, ఏది కనిపిస్తే అది చెప్పడం మొదలుపెట్టాను. "రాజు పాత గడిలో ఉంటే గుర్రం పెట్టి చెక్ ఇచ్చేవాడు. నౌ ద నైట్ కాంట్ రీచ్. బంగారం పెడితే... రాజు పక్కకి తప్పుకుంటడు. వెయిట్, అప్పుడు ఏనుగు దారి మూసుకుపోతది!" గొంతు పెరుగుతున్నట్టు నాకే తెలుస్తోంది. "గెలవడానికి ఒకే ఒక్క దారి ఉంది. ఏనుగుని ఊరికే ఇచ్చెయ్యాలి. ఇట్లా! రాజు దాన్ని తినక తప్పదు, తింటే తిరిగి రావడానికి గడి ఉండదు. బట్ హూ గివ్స్ అవే ఎ రూక్ ఇన్ వన్ మినిట్?"

అప్పటికే లెక్క మొదలైంది. గో, రోకు. చాలెంజర్ వేళ్లు ఏనుగు మీదికి వెళ్లాయి. హాలు మొత్తం ఊపిరి బిగబట్టింది. షిచి, హాచి. వేళ్లు వెనక్కి వచ్చాయి. క్యూ, అంటే తొమ్మిది, అన్న క్షణాన బంగారం టక్కున బోర్డు మీద పడింది.

"తప్పు!" అని అరిచాను మైకులో. "దట్స్ ఎ మిస్టేక్! రాజు తప్పించుకున్నడు!" పెద్దావిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. కిరణ్ కాలు తగిలి వెనకున్న కుర్చీ పడిపోయింది. ఆ తర్వాత ప్రతి ఎత్తూ నేను పావు జరపడం, మైకులో అరవడం, జనం అరవడం. మధ్యలో ఒకచోట వెండి వస్తుందని ఢంకా బజాయించి చెప్పాను, బల్లెం వచ్చింది. "నేను తప్పు చెప్పిన! ఐ వాజ్ రాంగ్, ఇదే మంచిది!" అని అంతే గట్టిగా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నాలాగే వాళ్లూ తర్వాతి ఎత్తు కోసమే చూస్తున్నారు. బయట ఇంకా కొద్దిగా వెలుతురు ఉండగానే చాలెంజర్ నీళ్లు తాగి, బట్టలు సర్దుకుని, తల వంచి ఓటమి ఒప్పుకున్నాడు. చాంపియన్ అంతకన్నా కిందికి వంగాడు.

కిరణ్ ఊరుకోలేదు. "కానీ అంకుల్, టెక్నికల్‌గా ఆ కింగ్ మూవ్ బ్లండరే కదా?"

"ఆయ్, బ్లండరే," అన్నారు అంకుల్ టవల్ ఊడదీస్తూ. "కంప్యూటర్ ఎదురుగా కూర్చుని ఉంటే పోయేవోడే. కూర్చున్నది ఓ కుర్రోడు, ఆడికి ఒక్క నిమిషం ఉంది. మంచి ఎత్తులన్నీ ఆడికి తెలిసినవే. అందుకే చాంపియన్, ఆడు ఎప్పుడూ చూడనిది ఆడి ముందు పెట్టేడు. పద్దెనిమిది నిమిషాలూ ఎదుటోణ్ణి చదివేడండీ, బోర్డుని కాదు."

పదిహేను రోజుల తర్వాత అడిలైడ్‌లో గంట కొట్టగానే నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఆపలేదు. కట్టు మార్చే గదిలో నా గ్లవ్ అంచు మంచం రాడ్‌కి తగిలింది. ఎగ్జామినరు చూసిందో లేదో తెలియదు. "నా గ్లవ్ కలుషితమైంది, మారుస్తున్నాను," అని పైకే చెప్పి మార్చాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. ఫలితం వచ్చిన రోజు రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తి, అంకుల్ తలుపు తట్టకుండానే తోసి, "పాస్!" అని అరిచాను. ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ, "వినపడిందమ్మా, కాకినాడ దాకా వినపడింది," అన్నారు. కళ్లలో నీళ్లు మాత్రం ఆపుకోలేకపోయారు.

మూడేళ్ల కిందట, కూతుర్ని చూడ్డానికని పెర్త్ వెళ్లినప్పుడు, ఆయన అక్కడే నిద్రలో పోయారు. ఫోన్‌లో ఆ అమ్మాయి, "నాన్నగారు మీ గురించి చెప్తుండేవారు. మైకు వద్దన్న అమ్మాయి మైకు తిరిగివ్వలేదని," అంది. ఇద్దరం నవ్వాం, తర్వాత ఏడ్చాం. ఆయనతో ఆడిన వందల ఆటల్లో నేను గెలిచినవి పదకొండు. ప్రతిసారీ ఆయన నాకంటే ఎక్కువ సంబరపడ్డారు. ఇంకొకరి ఎత్తు బాగుంటే అంత ఆనందపడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నిన్న మా అమ్మాయి, ఏడేళ్లది, వంటింటి బల్ల దగ్గర లెక్కల పుస్తకం తెరిచి పెదవులు బిగించి కూర్చుంది. పెన్సిల్ కదలడం లేదు. నేను పుస్తకంలోకి చూడలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏమనుకుంటున్నవో చెప్పు."

"ఐ డోంట్ నో, అమ్మా."

"అదే చెప్పు. గట్టిగా."

అది నన్ను అనుమానంగా చూసింది. తర్వాత పుస్తకం వైపు తిరిగి, గొంతు పెంచి, "ఐ డోంట్ నో దిస్ వన్," అంది. ఒక్క క్షణం ఆగింది. పెన్సిల్ ఎత్తింది. "బట్..."

నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.