నాలుక కదలని తలుపు

మా ఇల్లు కరీంనగర్ చివర, ఒకప్పుడు పత్తి చేలున్న నల్లరేగడి నేల మీద ఉంది. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారి కుంగుతుంది. దాని మీద కట్టిన ఇల్లు కూడా నిద్రపోతున్న మనిషి ఛాతీలాగా మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. ఆ సంగతి ముందుగా తెలిసేది తలుపులకే. ఎండాకాలంలో వేలితో నెడితే మూసుకునే తలుపు వానాకాలంలో భుజం పెట్టినా మొండికేస్తుంది. తాళం నాలుక పోయి కూర్చోవాల్సిన రంధ్రం పైకో కిందికో కొంచెం జరిగిపోయి ఉంటుంది.

ఇంట్లో తాళాలు బాగుచేసేది నేనే. మా ఆయన ఉద్యోగం ఆదిలాబాద్‌లో. శనివారం బస్సులో వచ్చి సోమవారం పొద్దున్నే పోతాడు. తలుపు తెరుచుకుంటే చాలు ఆయనకు. నాకు మాత్రం తాళం కడుపులో ఏముందో చూడాలన్న ఆరాటం చిన్నప్పటి నుంచీ ఉంది. మందమర్రిలో బొగ్గుబాయి కాలనీ క్వార్టర్లో పెరిగాను. నేను బాపు అని పిలిచే మా నాన్న ఆ గనిలో ఫిట్టరు. షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి, మంచం మీద పాత పేపరు పరుచుకుని, పక్కవాళ్లు తెచ్చిచ్చిన తాళాలు విప్పుతుండేవాడు. నేను ఆ పేపరు అంచు మీద గడ్డం ఆనించి చూసేదాన్ని.

"ముందుగాల తలుపు తెరిచిపెట్టి తాళం తిప్పి చూడాలె బిడ్డా," అనేవాడు. "తెరిచినప్పుడు మంచిగ తిరిగి, మూసినప్పుడు తిరగకపోతే తాళానికి ఏం గాలే. తలుపన్న జరిగుంటది, గోడన్న జరిగుంటది."

ఎన్నో తలుపుల దగ్గర ఆ మాట నాకు పనికొచ్చింది. కానీ నేను చెప్పబోయే ఆ మధ్యాహ్నం తలుపు మూసుకునే ఉంది, నేను లోపలున్నాను.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందే మా అత్త మా దగ్గరికి వచ్చింది. ఆమె బతుకంతా నేతపనివాళ్ల పట్నంలో, సాంచాల మధ్య గడిచింది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. మామ సాంచాలు నడిపేవాడు, ఆమె నూలు కండెలు చుట్టేది. మామ పోయాక కూడా చాలాకాలం ఒక్కతే ఆ పని చేసుకుంటూ ఉండి, చేతులు వణకడం మొదలయ్యాక కొడుకు మాట విని వచ్చింది. అన్నేళ్ల మోతకు చెవులు మందగించాయి. మాట్లాడేది తక్కువ. నేను హాస్పిటల్ ల్యాబులో పనిచేసి వచ్చేసరికి వంట అయిపోయి ఉండేది, ఆమె వెనక వరండాలో గోడవైపు తిరిగి కూర్చుని ఉండేది. నేనేదైనా అడిగితే "ఆఁ" అనో "ఏం లేదు" అనో అనేది. మా ఇద్దరి మధ్యా కోపం లేదు. ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియదు, అంతే.

ఆ రోజు నాకు సెలవు. పొద్దుటి నుంచీ కరెంటు లేదు, ఫోను చార్జింగ్ అయిపోయి కింద అల్మారాలో పడి ఉంది. మబ్బు కమ్ముకొస్తుంటే డాబా మీద ఆరేసిన బొంతలు తీసి, మేడ మీద ఒంటరిగా ఉన్న గదిలో పడేస్తున్నాను. ఆ గదిలో పాత పరుపులు, ఎండుమిరపకాయల బస్తా తప్ప ఏమీ ఉండవు. చివరి బొంత పెట్టేలోగా కిటికీలోంచి వాన గాలి ఒక్కసారిగా విసిరి తలుపును మూసేసింది. ఆ దెబ్బకు తాళం లోపల ఏదో టిక్కున చిన్నగా చప్పుడైంది. హ్యాండిల్ పట్టుకుని దించాను. నిద్రలో ఉన్న పిల్లవాడి చేయిలాగా వదులుగా కిందికి వాలింది, మళ్లీ పైకి లేవలేదు. తలుపు కదల్లేదు.

అత్తను పిలిచాను. వాన అప్పటికే డాబాను బాదుతోంది. కిందున్న ఆమెకు మామూలుగానే వినపడదు, ఇక ఆ వానలో ఏం వినపడుతుంది? కొంతసేపు పిలిచి ఊరుకున్నాను.

విచిత్రమేమిటంటే, నాకు భయం వేయలేదు. బొంతల మీద కూర్చున్నాను. ఎండ వాసన ఇంకా వాటిలో ఉంది. కిటికీ చువ్వల్లోంచి గ్రానైటు కోసం సగానికి కోసేసిన గుట్ట కనిపిస్తోంది. వానలో దాని కోసిన పక్క తడిసి, నల్లటి అద్దంలా మెరుస్తూ, మబ్బు తనలోకి దిగుతుంటే కాసేపు గుట్టలా, కాసేపు మబ్బులా కనిపించింది. కొంగలు వరుసగా వచ్చి పొలం గట్టు మీద వాలాయి. నన్ను ఎవరూ పిలవడం లేదు. ఎక్కడికీ పోవాల్సిన పని లేదు, పోవడానికి దారీ లేదు. అంతకుముందు అలా ఎప్పుడు కూర్చున్నానో నాకు గుర్తు రాలేదు.

కళ్లు మూతపడ్డాయి. సగం నిద్రలో మందమర్రి కాలనీ వచ్చింది. వరుస క్వార్టర్ల తలుపులన్నీ చప్పుడు లేకుండా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. గడపల్లో మనుషులు లేరు. షిఫ్టు సైరన్ మోగుతోంది కానీ దానికి చప్పుడు లేదు, గాలిలో తెల్లటి గీతలాగా సాగిపోతోంది. బాపు చేతివేళ్లు మాత్రం నూనె అంటుకుని కనిపించాయి, ఒక్కొక్క తలుపు అంచునూ మెల్లగా తడుముతూ.

మెలకువ వచ్చేసరికి వాన నెమ్మదించి ఒకే తీరుగా కురుస్తోంది. తలుపు కింద సందులో నీడ ఉంది. ఎవరో అవతల, చూరు కింద కూర్చున్నారు.

"అత్తా?" అన్నాను.

తలుపు మీద చేత్తో కొట్టాను. నీడ కదిలింది.

"లేసినవా బిడ్డా?" అంది అత్త.

తాళంచెవి రంధ్రానికి నోరు దగ్గరగా పెట్టి గట్టిగా చెప్పాను. "తలుపు పట్టేసింది అత్తా. లోపల ఏదో ఇరిగింది."

ఆమె తన చెవిని ఆ రంధ్రానికి ఆనించిందేమో, అందులోంచి వచ్చే వెలుగు ఆరిపోయింది. "పక్కింటోళ్లను పిలుచుకరానా?" అంది.

"వద్దత్తా. ఆళ్లొస్తె తలుపు పగలగొడ్తరు. నేను జర చూస్త. వంటింట్లకెళ్లి చిన్న చాకు తెచ్చి తలుపు కింది సందులకెళ్లి ఇయ్యిండ్రి."

మెట్లు దిగిన చప్పుడు వాన మింగేసింది. తిరిగి వచ్చాక తలుపు కింది సందులోంచి చాకు లోపలికి జారింది. దాని వెనకే ఒక పేపరు, పేపరు మీద సర్వప్ప. పల్చగా ఒత్తి కాల్చిన బియ్యప్పిండి రొట్టె అది, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు వేసింది. మళ్లీ పెనం మీద వేసి తెచ్చినట్టుంది, వేడిగా ఉంది. సందుకు పట్టదేమోనని ఆమె దాన్ని అరచేత్తో మరింత అదిమినట్టుంది, వేళ్ల గుర్తులు పడ్డాయి.

"పగటిపూట తినలేదు గదా," అంది.

తలుపుకు వీపు ఆనించి కూర్చుని తిన్నాను. అవతల ఆమె కూడా అలాగే వీపు ఆనించి కూర్చుందని చెక్క కొద్దిగా కదలడంతో తెలిసింది.

తర్వాత పనిలో పడ్డాను. చాకు మొనతో హ్యాండిల్ పలక మరలు విప్పాను. హ్యాండిల్‌తో పాటు దాని చదరపు కడ్డీ గట్టిగానే తిరుగుతోంది, అంటే లోపం హ్యాండిల్‌లో లేదు. కానీ తిప్పినప్పుడు స్ప్రింగు బిగువు చేతికి తగలడం లేదు. కడ్డీని బయటికి లాగి రంధ్రంలోకి చూశాను. కడ్డీని పట్టుకుని తిరగాల్సిన చిన్న చక్రం రెండు ముక్కలైంది. అందుకే కడ్డీ ఉత్తిగా తిరుగుతోంది, నాలుకను ఎవరూ వెనక్కి లాగడం లేదు. ఆ నాలుక తోక రంధ్రం అంచున సన్నగా కనిపిస్తోంది. దాన్ని పట్టి లాగడానికి చాకు పనికిరాదు.

"సన్నగ, కొస వంగిన ఇనుపది ఏమన్న ఉందా అత్తా?"

ఆమె మళ్లీ వెళ్లి వచ్చింది. ఈసారి సందులోంచి వచ్చింది ఉక్కు కొక్కెం. సాంచాల దగ్గర తెగిన దారాలను లాగేది. చేతులు పట్టి పట్టి దాని మొదలు నున్నగా అయిపోయింది. దాన్ని ఆమె ఇక్కడిదాకా తెచ్చుకుందని నాకు తెలియదు.

కొక్కెంతో తోకను వెతుకుతుంటే అత్త తనంతట తానే మాట మొదలుపెట్టింది. రంధ్రంలోంచి వస్తున్న ఆ గొంతు ఎక్కడో దూరపు గదిలోంచి వస్తున్నట్టుంది.

"నా పెండ్లైన కొత్తల మా ఇంట్ల నూలు పెట్టే అర్ర ఉండె. సాంచాలు ఆగకపోతుండె. చెవులల్ల అదే మోత. ఒకనాడు నూలు తెద్దామని అర్రలకు పోయి లోపల గడియ పెట్టుకున్న. నూలు మూటల మీద ఒరిగిన. నూలు నడుమ సప్పుడు తక్కువుంటది బిడ్డా. గసుంటి నిద్ర మళ్ల పోలే."

"మరి ఎవ్వరు పిలువలేదా?"

"పిలువకేమి. కోడలు లోపల ఇరుక్కున్నది, తలుపు పట్టేసింది అని అందరు పరేషాన్. మా మామ పోయి తలుపులు చేసే వడ్లాయనను పిలుచుకొచ్చిండు. ఆయన తలుపు బందులకు నూనె పోస్తుండు, సుత్తెతోని కొడ్తుండు. నాకు మెలకువైంది. ఇప్పుడు గడియ తీస్తె సప్పుడైతది, ఎట్ల?"

కొక్కెం ఆపాను. "ఎట్ల తీసిన్రు?"

"ఆయన సుత్తె కొట్టంగనే దాంతోటి జర జరిపిన. మళ్ల కొట్టంగనే మళ్ల జర. తలుపు తెరుసుకున్నది. వడ్లాయన మంచి పనిమంతుడని మా మామ కల్లు పోయించిండు."

నాకు నవ్వాగలేదు. అవతల ఆమె కూడా నవ్వుతోంది. ఆమె నవ్వు నేను అంతకుముందు వినలేదు. దారం తెగుతూ అతుకుతూ ఉన్నట్టు, ఆగి ఆగి వచ్చింది.

"అటెంకల?"

"అటెంకల ఆ తలుపు అప్పుడప్పుడు పట్టేస్తుండె," అంది. "మా అత్త పోయేదాక ఆ తలుపును తిడుతనే ఉండె. నేను ఎవ్వరికి చెప్పలే. మీ మామకు గూడ."

అంతలోనే ఆమె గొంతు తగ్గించి అంది, "నేను ఎప్పుడో పైకొచ్చిన బిడ్డా. తలుపు మూసుండె. నువ్వు గూడ గట్లనే పెట్టుకున్నవనుకున్న. నేనొచ్చినకాంచి నీ ఇంట్ల నీకు జాగ లేకుంటైంది, జర ఒక్కదానివే ఉందామనుకున్నవేమో అని. అందుకనే పిలువలే. లేసినంక సూద్దామని కూసున్న."

చేతిలో కొక్కెం అలాగే ఉండిపోయింది. గోడవైపు తిరిగి కూర్చునే ఆమె వీపు గుర్తొచ్చింది. నాకు అడ్డు రాకూడదని అలా కూర్చుంటోందని అప్పుడు అర్థమైంది.

"లేదత్తా," అన్నాను. "నేను పెట్టుకోలే. తలుపే పాడైంది."

"నిజంగనేనా?"

"నిజంగనే. కాని లోపల మంచిగనే ఉండె. నిద్ర గూడ పోయిన."

"పోవాలె," అంది ఆమె, నేనేదో సరైన జవాబు చెప్పినట్టు.

కొక్కెం చివరికి తోకను పట్టుకుంది. లాగితే కొద్దిగా కదిలి ఆగింది. వానకు ఉబ్బిన తలుపు నా వైపుకు తన్నుకొస్తూ నాలుకను రంధ్రం అంచుకు ఒత్తి పట్టింది. అవతలి నుంచి ఎవరైనా తలుపును తమవైపు లాగి పట్టుకుంటే ఆ ఒత్తిడి పోతుంది. ఆ సంగతి చెప్పాను.

"నేను ఎప్పుడు లాగమంటె అప్పుడు లాగాలె. వినపడ్తదా అత్తా?"

"నోటితోని చెప్పకు. తలుపు మీద కొట్టు. నేను చెయ్యి పెట్టి ఉంట, నాకు చేతికి తెలుస్తది."

అరచేత్తో కొట్టాను. ఆమె లాగింది. నేను లాగిన కొక్కెం జారిపోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ జారింది. ఆ తర్వాతిసారి ఆమె బరువంతా వేసి లాగినట్టుంది, చెక్క మూలిగింది, నాలుక సర్రున వెనక్కి పోయింది. నేను గట్టిగా "ఇడువుండ్రి" అంటూ తలుపు మీద మళ్లీ కొట్టాను. ఆమె వదిలింది. తలుపు నా మీదికి తెరుచుకుంది.

అత్త చెంగుతో నుదురు తుడుచుకుంటూ నిలబడి ఉంది. వాన జల్లుకు చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నా జుట్టులోంచి పత్తి పోగొకటి తీసేసింది.

మరుసటి రోజు తాళం పెట్టెను తలుపులోంచి ఊడదీసి బజారుకు తీసుకుపోయి, విరిగిన చక్రం తీయించి కొత్తది వేయించాను. బిగించాక బాపు చెప్పినట్టే తలుపు తెరిచిపెట్టి తిప్పి చూశాను. హాయిగా తిరిగింది. మూసి తిప్పితే రాసుకుంది. అంటే నేల ఇంకా ఉబ్బే ఉంది. నాలుకకు కుంకుమ రాసి తలుపు మూసి తెరిచి, చట్రం పలక మీద ఎక్కడ ఎర్రగా అంటుతోందో చూసి, అక్కడ ఆకురాయితో అరగదీశాను. అత్త పక్కన పీట వేసుకుని కూర్చుని, రాలిన ఇనుప పొడిని తడిగుడ్డతో అద్దుతూ ఉంది.

పని అయ్యాక, లేవబోతూ అడిగింది. "నా అర్రకు గూడ లోపల ఒక గడియ పెడ్తవా బిడ్డా?"

ఆమె గదికి లోపల గడియ లేదు. పెద్దమనిషి, లోపల పడిపోతే ఎలా అని ఆమె రాకముందే మా ఆయన తీసేయించాడు. నేను కాసేపు ఆలోచించి, చిన్న ఇత్తడి గడియ తెచ్చి, ఆమె కూర్చుని కూడా అందుకునే ఎత్తులో బిగించాను. అవసరమైతే బయటి నుంచి తీయగలిగేలా చెక్కలో సన్నటి సందు ఒకటి వదిలాను. ఆ సంగతి ఆమెకూ చెప్పాను. ఆమె గడియను ముందుకీ వెనక్కీ జరిపి చూసుకుంది. చప్పుడు కాలేదు. నూనె వేశాను కదా.

తర్వాతి శనివారం మా ఆయన ఎప్పటికన్నా ముందు బస్సు ఎక్కి మధ్యాహ్నమే వచ్చాడు. తుంపర పడుతోంది. కింద ఒక గది మూసి ఉంది, మేడ మీద ఒక గది మూసి ఉంది. ఇల్లంతా వాన వెలుతురు తప్ప ఎవరూ లేరు. ఏ తలుపు కొట్టాలో తోచక హాలులో కాసేపు నిలబడి, చివరికి వంటింట్లోకి పోయి చాయ్ పెట్టాడట. అల్లం వాసనకు నాకు మెలకువ వచ్చింది. నేను మెట్లు దిగుతుంటే అత్త కూడా తలుపు తీసుకుని బయటికి వస్తోంది, చెంప మీద దిండు ముడతతో.

"ఇంట్ల ఏమైంది?" అన్నాడు ఆయన, మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

"తలుపులు పట్టేసినయిరా," అంది అత్త, గ్లాసు అందుకుని.