పడమర వైపు కాళ్ళు

తొంభైల చివర్లో నేను భవానీపురంలోని ఒక వృద్ధాశ్రమంలో వార్డెన్‌గా చేరాను. గుమ్మం పక్కన గోడ మీద 'ఇక్కడ కులమతాలు లేవు, అందరూ సమానమే' అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. రాయించినది ట్రస్టు పెద్దాయన. మంచి మనిషే, కాదనను. కానీ ఆయన దృష్టిలో సమానమంటే అందరికీ ఒకే వేళకు కాఫీ, ఒకే రంగు దుప్పటి, ఒకే వరుసలో మంచాలు. ఆడవాళ్ళ గదిలో మంచాలన్నిటినీ తలాపి తూర్పు గోడకు ఆనించి, స్కూల్లో బెంచీల్లా వేయించారు. తూర్పు తల మంచిదని ఆయన నమ్మకం. అక్కడున్న దాదాపు అందరి నమ్మకమూ అదే కాబట్టి ఎవరూ మారుమాట్లాడలేదు.

ఒక్కరిది మాత్రం ఆ నమ్మకం కాదు. ఆవిడను మేం బూబమ్మ గారనేవాళ్ళం. భర్త పోయాడు, పిల్లల్లేరు. గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టు వెనక గదిలో ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టి బతికారు. చూపు మందగించాక తమ్ముడు తీసుకొచ్చి చేర్పించాడు. నేను వెళ్ళేసరికే ఆవిడ వచ్చి ఏడాది దాటింది. పగలు కుర్చీలో బాగానే కూర్చునేవారు. మంచమెక్కితే మాత్రం మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకునేవారు. ఆయాలు కాళ్ళు సర్ది దుప్పటి కప్పితే, వాళ్ళు వెనక్కి తిరగ్గానే మళ్ళీ ముడుచుకునేవారు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, కాళ్ళు చాపి పడుకోబెట్టండని డాక్టరు చెప్పాడు. ఆయాలేమో ఆవిడ మొండిదని తేల్చేశారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. మంచినీళ్ళు కూడా గట్టిగా అడగని మనిషికి మొండితనం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని, కాళ్ళెందుకు చాపరని అడిగాను. చాలాసేపు నసిగారు.

"పడమర మాకు కిబ్లా అమ్మా. అటు తిరిగే నమాజు చేసుకుంటాం. అటేపు కాళ్ళు ఎట్టా చాపమంటారు?"

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, చెబితే మీవాళ్ళ దగ్గరికే పొమ్మంటారేమోనని భయపడ్డారట. ఎలా పడుకుంటే హాయిగా ఉంటుందని అడిగాను. ఉత్తరం తలాపి పెట్టుకుని, కుడిపక్కకు ఒత్తిగిల్లి, పడమర చూస్తూ పడుకుంటే హాయి అన్నారు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ అలాగే పడుకున్నారట. చివరికి మట్టిలో పడుకోబెట్టేదీ అలాగేనట. ఆ సాయంత్రమే ఆయాల చేత మంచం తిప్పించాను.

దాంతో గొడవ మొదలైంది. పక్క మంచం బందరు మామ్మది. సముద్రపు ఒడ్డున చేపలమ్మి బతికిన మనిషి, గొంతు విప్పితే వీధి చివరికి వినబడేది. ఉత్తరం తల పెట్టడమంటే యముడికి కబురంపడమేనని ఏడుపు లంకించుకుంది. ఒక్క మంచం తిరిగినా గదంతటికీ కీడేనని మిగతావాళ్ళు వంత పాడారు. మర్నాడు ట్రస్టు పెద్దాయన వచ్చారు. ఒక్కొక్కరికీ ఒక్కో పద్ధతైతే ఆశ్రమం నడిచేదెలాగని నన్ను మందలించి, మంచం మళ్ళీ వరుసలో వేయమన్నారు. ఒక ముసలావిడ కాళ్ళు చాపుకుంటే ఆశ్రమం కూలిపోతుందా అని నేనూ గట్టిగానే అడిగాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆయాలు వచ్చి మంచం కోళ్ళు పట్టుకున్నారు.

తన వల్ల గొడవలొద్దని బూబమ్మ గారు మెల్లగా అన్నారు. మంచం ఇంకా కదలకముందే, చేతనైనంత చాపుకున్న కాళ్ళను దగ్గరకు లాక్కున్నారు.

అది అందరం చూశాం. ముందుగా నోరు విప్పింది బందరు మామ్మే.

"అయ్యా, అట్టాగే ఉండనీయండి. నాకు బయ్యమే, లేదనను. కానీ ఆమె అట్టా ముడుచుకుంటంటే నేను సూడలేనండి."

మామ్మే ఒప్పుకున్నాక మిగతావాళ్ళు నోరెత్తలేదు. పెద్దాయన కండువా సర్దుకుని వెళ్ళిపోయారు. మామ్మ భయం మాత్రం పోలేదు. పొద్దున లేవగానే పక్క మంచం వైపు చూసి, ఆవిడకు ఊపిరాడుతోందని రూఢి చేసుకుని, అప్పుడు దేవుడికి దండం పెట్టుకునేది. మధ్యాహ్నాలు నువ్వుల నూనె వేడిచేయించి ఆ మోకాళ్ళకు మర్దనా చేసేది. నొప్పెడితే నోరు తెరిచి చెప్పమని తిడుతూనే పట్టేది. కొన్నాళ్ళకు కుడికాలు సాగింది. ఎడమ మోకాలు మాత్రం లొంగలేదు. బాగా ఆలస్యమైపోయిందన్నాడు డాక్టరు.

వానాకాలం చివర్లో బూబమ్మ గారు పోయారు, పడమర చూస్తూనే. ఉత్తరం తల వల్లే పోయారని గదిలో ఒక్కరూ అనలేదు. తమ్ముడు మసీదు దగ్గర్నుంచి ఆడవాళ్ళను తీసుకొచ్చాడు. వాళ్ళు తలుపు వేసుకుని స్నానం చేయించి, తెల్లటి కఫన్ గుడ్డ చుట్టాక, చివరిచూపుకు మమ్మల్ని పిలిచారు. ట్రస్టు పెద్దాయన బూబమ్మ గారి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, ఏ లోటూ రానీయలేదయ్యా, అందరితో సమానంగానే చూశాం అన్నారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

మామ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. గుడ్డ కింద ఎడమ మోకాలు ఎత్తుగా నిలబడి ఉంది. స్నానం చేయించినవాళ్ళు ఎంత ప్రయత్నించినా అది సాగలేదట. మామ్మ దాని మీద అరచెయ్యి వేసి, రోజూ పట్టినట్టే మెల్లగా అదిమింది. మళ్ళీ అదిమింది. ఇక చాలమ్మా అన్నాడు తమ్ముడు. ఇంకొంచెం సేపు ఆగవయ్యా, వస్తుంది అంటూ ఆవిడ అక్కడే కూర్చుంది.