దుబాయ్‌లో దుబాసీగా ఉన్న రోజులు

దుబాయ్ పాతబస్తీ అయిన డేరాలో, అబ్రా పడవలు ఆగే రేవుకి రెండు వీధుల అవతల, సుగంధద్రవ్యాల దుకాణం పైన రెండో అంతస్తులో ఉండేది మా ఆఫీసు. మెట్లెక్కుతుంటే యాలకుల వాసన వచ్చేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు వంటిల్లు గుర్తుకు రాదు, ఫైళ్లు గుర్తొస్తాయి.

2020లో నేను పనిచేస్తున్న ట్రావెల్ ఏజెన్సీ మూతపడింది. విమానాలే లేనప్పుడు టిక్కెట్లు ఎవరు కొంటారు? నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాక, తెలిసినవాళ్లు చెబితే ఈ వకీలు ఆఫీసుకి వెళ్లాను. వకీలుగారు ఇక్కడి అరబ్బే. ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో పనిచేసి, ఉద్యోగం వదిలి, నల్లకోటు వేసుకున్నాయన. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

"నీకు ఎన్ని భాషలు వచ్చు?" అని ఇంగ్లీషులో అడిగారు.

"తెలుగు, హిందీ, ఇంగ్లీషు. అరబిక్ కొంచెం."

"తెలుగువాళ్లు చాలామంది వస్తున్నారు. వాళ్ల మాట నాకు అందడం లేదు. రేపటి నుంచి రా."

ఆయన పోలీసులతో ముడిపడ్డ కేసులు తప్ప వేరేవి ముట్టుకునేవారు కాదు. విడాకులకి, ఆస్తి తగాదాలకి వచ్చినవాళ్లని కింది వీధిలో ఇంకో వకీలు దగ్గరకి పంపేసేవారు. మా దగ్గరకి వచ్చేవి అరెస్టులు, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పెట్టిన ఫిర్యాదులు, ఊరెళ్లబోతే ఎయిర్‌పోర్టులో ఆపేశారన్న గోడు, స్టేషన్‌లో ఉండిపోయిన బండ్లు. పనిలో చనిపోయినవాళ్ల కాగితాలు పూర్తయ్యేదాకా మార్చురీకీ స్టేషన్‌కీ తిరగడం కూడా మా పనే. ఇవి కాక, శాఖలో విచారణ ఎదుర్కొంటున్న పోలీసులు కూడా వచ్చేవారు. స్టేషన్‌లో తల ఎత్తి నడిచే మనిషి మా ఆఫీసు కుర్చీలో అంచు మీద కూర్చుని వేళ్లు విరుచుకుంటుంటే, మొదట్లో నాకు వింతగా ఉండేది. "భయం అందరికీ ఒకటే బిన్తీ" అనేవారు ఉస్తాద్. బిన్తీ అంటే నా కూతురా అని.

మరుసటి ఏడు ఎండాకాలం ముదురుతుండగా ముసఫ్ఫా నుంచి ఒక కేసు వచ్చింది. ముసఫ్ఫా అంటే అబుధాబి పక్కన గ్యారేజీలు, షెడ్లు, లేబర్ క్యాంపులు. ఒక గ్యారేజీలో రిపేరుకి వచ్చిన కారు పక్క షాపు వాచ్‌మన్‌ని గుద్దింది. బంగ్లాదేశ్ ఆయన, కాలు విరిగింది. జనం చేరేసరికి కారు దగ్గర ఎవరూ లేరు. ఆ కారు రిపేరు చేసింది జగిత్యాల వైపు మెకానిక్. నలభై ఏళ్లుంటాయి. తాళం తీసుకున్నట్టు పుస్తకంలో ఆయన సంతకం ఉంది కాబట్టి ఆయన్నే పట్టుకెళ్లారు.

ఉస్తాద్, నేనూ స్టేషన్‌కి వెళ్లాం. ఆ రోజు అక్కడ తెలుగు తెలిసినవాళ్లు ఎవరూ దొరకలేదు. అధికారి నన్నే చెప్పమన్నాడు. మెకానిక్ మాస్కు వెనక నుంచి, తల వంచుకుని, గబగబా మాట్లాడాడు.

"తాళం నేనే తీస్కున్న మేడం. పని ఖలాస్ అయినంక నడిపోనికి ఇచ్చిన. గంతే. ఇంకేం నాకు ఎర్కలేదు."

నాది అమలాపురం. నడిపోడు అంటే బండి నడిపేవాడు అనుకున్నాను. ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. "పని అయ్యాక తాళం డ్రైవర్‌కి ఇచ్చాడట" అని ఇంగ్లీషులో చెప్పాను. అధికారి అరబిక్‌లో రాసుకున్నాడు. ఆ కాగితం మీద మెకానిక్ వేలిముద్ర వేశాడు. ఆ సాయంత్రమే ఆయన్ని పాస్‌పోర్టు పెట్టించుకుని వదిలారు. పని బాగా జరిగిందనుకుంటూ తిరిగొచ్చాను.

రెండు రోజులకి ఆయన వకాలత్ మీద సంతకం పెట్టడానికి డేరా వచ్చాడు. ఉస్తాద్ ఎవరితోనో ఫోన్‌లో ఉన్నారు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని టీ ఇచ్చి పలకరించాను.

"ఇక్కడ మీవాళ్లెవరైనా ఉన్నారా అన్నయ్యగారూ?"

"ఉన్నరు మేడం. మేం ముగ్గురం అన్నదమ్ములం. పెద్దోన్ని నేను. నడిపోడు, చిన్నోడు గూడ గా గ్యారేజీలనే చేస్తరు."

నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను.

"నడిపోడంటే ఎవరండీ?"

"నడిపోడంటే నడిపోడే. నా తర్వాతోడు. నడిమిట్లోడు."

"అంటే ఆ రోజు తాళం ఇచ్చింది మీ తమ్ముడికా? డ్రైవర్‌కి కాదా?"

ఆయన నవ్వాడు. "నేనెప్పుడు డ్రైవర్ అన్న? గా డ్రైవర్ పఠాన్ భాయ్‌ని మొన్న పోలీసోళ్లు పట్కపోయిండ్రు. ఎందుకు పట్కపోయిండ్రో మాకెవ్వలికి సమజ్ గాలే."

సమజ్ అయింది నాకు. పెషావర్ నుంచి వచ్చి పదిహేనేళ్లుగా ఆ గ్యారేజీలో బండ్లు నడుపుతున్న మనిషి, నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాట వల్ల రెండు రాత్రులుగా లోపలున్నాడు. జరిగింది చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి పక్కకి జరిపాడు. తప్పు సరిదిద్దితే పోలీసులు పిలిచేది ఆయన సొంత తమ్ముణ్ణి. నేను తొందరపెట్టలేదు. తొందరపెట్టే హక్కు కూడా నాకు లేదనిపించింది.

"నా తమ్ముణ్ణి నేనే పట్టిచ్చినట్టయితది" అన్నాడు చివరికి. తర్వాత తల ఎత్తి, "అయినా గా పఠాన్ భాయ్‌కి ఏం సంబంధం మేడం? నేను అన్నది నడిపోడు. గదే రాయమను" అన్నాడు.

ఉస్తాద్ గదిలోకి వెళ్లేటప్పుడు నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. నిలబడే చెప్పాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే."

"మరి ఇంకా నిలబడ్డావేం? యల్లా, పద." కారు తాళాలు తీసుకుని లేచారు.

మెకానిక్ వెనక సీట్లో కూర్చున్నాడు. ఉస్తాద్ కారుని అబుధాబి రోడ్డెక్కించారు. తర్వాత, కుర్రాడిగా ఉన్నప్పుడు తను రాసిన ఒక వాంగ్మూలం గురించి చెప్పారు. ఊరి పేరు ఒకటి బదులు ఇంకొకటి రాశారట. మర్నాడే తెలిసింది. పై అధికారి ముందు చిన్నబోవడం ఇష్టం లేక వారం రోజులు నోరు మెదపలేదు. "ఆ వారం ఒక మనిషి లోపలున్నాడు. తప్పు రాయడం ఒక నిమిషం. ఆ వారం పాపమే నాది" అన్నారు. నన్ను ఓదార్చడానికి చెప్పినట్టు లేదు. దోవలో గుర్తొచ్చింది కాబట్టి చెప్పినట్టుంది.

స్టేషన్‌లో అధికారి విసుక్కున్నాడు. నా వైపు చూసిన చూపుకి నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. కానీ ఉస్తాద్ చెప్పింది విన్నాడు. మళ్లీ వాంగ్మూలం తీసుకున్నాడు. ఈసారి నేను ప్రతి మాటకీ ఆగి, "అంటే ఏంటండి?" అని అడిగి, ఆయన అవునన్నాకే చెప్పాను. అది అవుతుండగానే నడిపి తమ్ముడు తనంతట తనే వచ్చాడు. అన్న ఫోన్ చేశాడట. పని బట్టల్లోనే ఉన్నాడు, గోళ్ల నిండా గ్రీజు.

"కారు బయట లైన్ల పెట్టి, తాళం డబ్బాల ఏసి లోపలికి పోయిన" అన్నాడు. "గుద్దిందని నాకు తర్వాత తెల్సింది. నన్నెవ్వరు అడుగలే. భయమై నేను గూడ చెప్పలే."

ఎదురు షాపు కెమెరాలో అసలు సంగతి దొరికింది. తమ్ముడు కారు ఆపి వెళ్లిపోయిన కాసేపటికి అది తనంతట తనే మెల్లగా జారింది. హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా పడలేదు. వాచ్‌మన్ షట్టర్ నీడన కుర్చీలో కూర్చుని కునుకు తీస్తున్నాడు. నడిపింది ఎవరని అందరినీ అడుగుతూ వచ్చాం. ఆ కారు నడిపినవాళ్లు ఎవరూ లేరు.

పఠాన్ భాయ్‌ని ఆ సాయంత్రమే వదిలారు. కేసు నడిపి తమ్ముడి అజాగ్రత్త మీదకి మారింది. అక్కడి నుంచి జరిగింది వకీళ్ల పని కాదు. ముగ్గురు అన్నదమ్ములూ వంతులు వేసుకుని వాచ్‌మన్ గదికి వెళ్లేవారు. వండి తీసుకెళ్లేవారు, స్నానానికి పట్టుకుని తీసుకెళ్లేవారు. ఎవరూ ఏమీ అడగకముందే ఆయనే ఒకరోజు స్టేషన్‌కి వెళ్తానన్నాడట. ఫిర్యాదు వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితాన్ని ఇక్కడ తనాజుల్ అంటారు. కర్ర ఊతంతో వచ్చి దాని మీద సంతకం పెట్టాడు. కేసు ఖలాస్.

నాకు ఒక పని మిగిలిపోయింది. సెలవు రోజున బస్సెక్కి ముసఫ్ఫా వెళ్లాను. పఠాన్ భాయ్ గ్యారేజీ ముందు ఒక వ్యాను తుడుస్తున్నాడు. తెల్లగడ్డం, పెద్ద చేతులు. నేనెవరో, ఏం చేశానో హిందీలో చెప్పి క్షమించమన్నాను.

తుడవడం ఆపలేదు. "రెండు రాత్రులు బేటీ" అన్నాడు. "కోపం రాలేదంటే అబద్ధం. ఇంట్లోవాళ్లకి ఫోన్ కలవక ఏడ్చారు." ఆ వైపు అద్దం పూర్తయ్యాక గుడ్డ పిండి ఆరేశాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా. నీడలో కూర్చో, చాయ్ తెస్తా."

క్షమించానని ఆయన అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు. చాయ్‌లో చక్కెర మరీ ఎక్కువగా ఉంది. మొత్తం తాగాను.

ఆ తర్వాత ఉస్తాద్ ఆఫీసులో ఒక పద్ధతి పెట్టారు. ఎవరు వచ్చినా మొదటి అరగంట కేసు మాట ఎత్తకూడదు. ఊరు, ఇల్లు, తిండి, పంటలు మాట్లాడాలి. వాళ్ల మాట నా చెవికి అలవాటు పడాలి. అలా నేను తెలంగాణ మూల మూలల తెలుగు డేరాలో కూర్చుని నేర్చుకున్నాను. కరీంనగర్ మనిషి అన్న మాట నిజామాబాద్ మనిషి వేరేలా అంటాడని తెలిసింది. మా గోదావరి వైపు నుంచి ఇళ్లల్లో పనికొచ్చిన ఆడవాళ్లు ఏడుపు మధ్యలో కూడా "అండి" వదలరని గమనించింది కూడా అక్కడే.

రెండేళ్లకి ఉస్తాద్ కంటిచూపు తగ్గింది. ఆఫీసు మూసేసి అల్ ఐన్‌లో ఖర్జూరపు తోట చూసుకుంటున్నారు. నేనిప్పుడు ఒక ఆస్పత్రిలో రోగుల మాటలు డాక్టర్లకి చెబుతుంటాను. జీతం మెరుగే, ఏసీ బాగా పనిచేస్తుంది. కానీ ఒక్కొక్కరికీ పది నిమిషాలే ఇస్తారు. మొన్న ఒక పెద్దాయన కడుపునొప్పి గురించి చెబుతూ చెబుతూ తన బర్రెల సంగతిలోకి వెళ్లాడు. డాక్టర్ గడియారం చూసుకున్నారు. నేను మాత్రం, "ఎన్ని బర్రెలండీ?" అని అడిగాను.