ఫోటోలో మొలిచిన జుట్టు

ఇరవై ఐదేళ్లు నిండేసరికి నా జుట్టు ముందు నుంచి వెనక్కి పోవడం మొదలుపెట్టింది. అప్పట్లో గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. కొమరోలు దగ్గరున్న మా ఊరి నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేవాణ్ణి కాదు. గాలికి ముందు జుట్టు లేస్తే దాని కింద ఏమీ లేదని తెలిసిపోతుంది. క్లాసులో బోర్డు మీద రాయాలంటే పిల్లలకు వెనక నుంచి పలచబడ్డ నడినెత్తి కనిపిస్తుంది కాబట్టి, ఎండ్రకాయలాగా పక్కకు నడుస్తూ రాయడం నేర్చుకున్నాను. దిండు మీద రాలిన వెంట్రుకలను పొద్దున్నే ఏరి పుస్తకంలో దాచేవాణ్ణి. ఎందుకు దాచానో ఇప్పటికీ తెలియదు.

ఆ సంవత్సరమే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలైంది. ఫోటో కావాలన్నారు. గిద్దలూరు బస్టాండు దగ్గరి స్టూడియోకు పోయాను. ఫోటోగ్రాఫరు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరాలోంచి చూసి, ఒక లైటు ఆర్పేశాడు. మళ్లీ చూసి రెండోదీ ఆర్పేశాడు.

"అన్నా, ఏమనుకోవద్దు. నెత్తి మీద పడిన వెలుగు తిరిగి కెమెరాకు కొడతాంది. కంప్యూటర్లో కొంచెం జుట్టు ఎయ్యమంటావా?"

"ఎయ్యొచ్చా?"

"పెండ్లి ఫోటోలకు ఏస్తనే ఉంటాం. ఎంత కావాలో చెప్పు."

కొంచెం చాలన్నాను. అతను ధారాళంగా వేశాడు. చెవుల మీద ఒత్తుగా, నుదుటి మీద ఒక పాయ వాలి, ఆ ఫోటోలోని కుర్రాడు నాకంటే ఐదారేళ్లు చిన్నగా ఉన్నాడు. ముక్కు మాత్రం నాది.

"నువ్వు ఇట్ల ఉండాల" అన్నది అమ్మ, అట్లా లేకపోవడం నా బద్ధకం అన్నట్టు. నాయన దాన్ని సెల్లులోంచి తెలిసినవాళ్లందరికీ పంపించాడు. వారం తిరక్కముందే పొదిలి వైపు నుంచి ఒక రైతు ఫోను చేశాడు. అబ్బాయి బాగున్నాడు, కంది కోతలు అయిపోయినాక, నెలన్నరలో వచ్చి చూస్తామన్నాడు.

అంటే ఫోటోలో ఉన్నంత జుట్టు నాకు నెలన్నరలో మొలవాలి.

తప్పంతా బోరు నీళ్లదని అమ్మ తేల్చింది. నాయన మోటారు సైకిలు మీద కొమరోలు నుంచి ఫిల్టరు నీళ్ల క్యాను తేవడం మొదలుపెట్టాడు. ఆ నీళ్లతో నేను తల కడుక్కునేవాణ్ణి. తాగడానికి మాత్రం అందరికీ బోరు నీళ్లే. ఒకరోజు మాకు అత్త వరసయ్యే ఒకావిడ వచ్చి క్యానులోంచి గ్లాసులోకి వంచుకోబోయింది.

"అయ్యి తాగేటియి కాదు వదినా, అబ్బాయి నెత్తివి" అన్నది అమ్మ.

ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఏమీ తాగలేదు.

నీళ్లతో పని జరగలేదు. మాకు ముప్పై గొర్రెలు ఉండేవి. వాటికి సూదులు వేయడానికి పశువుల డాక్టరు వచ్చినప్పుడు, సూదులన్నీ అయ్యాక నాయన నన్ను దొడ్లోకి పిలిచాడు.

"సార్, బొచ్చు ఊడే గొర్రెకు మందిస్తిరి గదా. వీని నెత్తి కూడా ఒకసారి చూడండి."

డాక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నన్ను వంగమని, రెండు బొటనవేళ్లతో జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూశాడు. అలవాటు కొద్దీ మోకాలితో నన్ను కంచెకు ఆనించి పట్టుకున్నాడు కూడా. గజ్జి లేదు, పురుగు లేదు అన్నాడు. తర్వాత నాయన వైపు తిరిగి తలరుమాలు తీయమన్నాడు. నాయన తలకు రుమాలు లేకుండా నేను చూసింది చాలా తక్కువ. నసుగుతూనే తీశాడు. అక్కడ ఒక్క వెంట్రుక లేదు.

"పొట్టేలును చూస్తే సరిపోయేదానికి పిల్లను చూపిస్తావేంది?" అని డాక్టరు చేతులు కడుక్కున్నాడు.

నాయన వారం రోజులు నా ముఖం సరిగా చూడలేదు.

పొదిలి వాళ్లు చెప్పిన రోజు రానే వచ్చింది. పదకొండుకు వస్తామన్నవాళ్లు పదింటికే వచ్చేశారు. అమ్మాయి తండ్రి, ఆయన అక్క, ఇద్దరే. ఆ సమయానికి నాయన గొర్రెల దగ్గర ఉన్నాడు. అమ్మ కుర్చీల కోసం పక్కింటికి పోయింది. నేనే ఎదురుపోయి మంచం మీద కూర్చోబెట్టాను. ఆయన సెల్లు తీసి ఫోటో చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ ఫోటో చూశాడు.

"నువ్వు పెండ్లికొడుకుకు అన్నవా నాయనా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. "అవును" అని వచ్చింది.

"తమ్ముడు యాడ?"

"స్నానం చేస్తన్నాడు."

ఆయన మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. "మంచిదే అయింది. తల్లిదండ్రి బిడ్డను పొగుడుకుంటారు. నువ్వు చెప్పు, మనిషి ఎట్లాంటోడు?"

"పిల్లలకు బాగా చెప్తాడు. కొట్టడు. తాగడు."

"మరి కోపం?"

"కోపం లేదు. పిరికోడు. ఏదన్నా ఉంటే ముందర చెప్పడు, దాస్తాడు. అద్దం ముందర ఎక్కువసేపు నిలబడతాడు. నలుగురు ఏమనుకుంటారో అనే దిగులుతో బస్సులో కూడా సుఖంగా కూర్చోడు."

ఒకసారి మొదలయ్యాక ఆపలేకపోయాను. నా గురించి ఎవరితోనూ అంత మనసు విప్పి మాట్లాడింది లేదు. పెద్దామె అంతా విని, "నీకు పెండ్లి కాకుండా తమ్మునికి చేస్తన్నారేంది?" అని అడిగింది.

"నాకు తొందర లేదు."

"ఏం స్నానం నాయనా ఇంతసేపు?"

"జుట్టు ఎక్కువ గదా" అన్నాను.

అప్పుడే నాయన చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. పలకరింపులు అయ్యాయి. "మీ పెద్దబ్బాయి అన్నీ చెప్పినాడు. చిన్నబ్బాయిని కూడా పిలిస్తే చూసి పోతాం" అన్నాడు అమ్మాయి తండ్రి.

"నాకు ఉండేది వీడొక్కడే" అన్నాడు నాయన.

అమ్మాయి తండ్రి లేచి వచ్చి సెల్లును నా చెవి పక్కన పెట్టి చూశాడు.

"ఇది ఎవరి ఫోటో?"

"నాదే."

"మరి లోపల స్నానం చేసేది ఎవరు?"

"ఎవరూ లేరు."

అమ్మ రెండు కుర్చీలు ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చేసరికి వాళ్లు లేచి నిలబడి ఉన్నారు. టీ కూడా తాగలేదు.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. బోర్డు ముందు నిలబడితే చేసినదే గుర్తొచ్చి కూడికలు కూడా తప్పుగా వేశాను. మూడో రోజు సాయంత్రం నాయన సెల్లు మోగింది. పొదిలి ఆయన నంబరు చూసి నాయన భయపడి స్పీకరు పెట్టాడు, తిట్లు అందరం పంచుకోవాలన్నట్టు.

"బావా, ఫోటో చూసినకాడ నుంచి మా పాప వద్దంటనే ఉండాది. సోకులోడి మాదిరి ఉండాడంట. ఇంటికొచ్చి జరిగింది చెప్తే ఒకటే నవ్వు. తమ్ముని గురించి దాచకుండా చెప్పిన అన్న ఉండాడే, ఆయనైతే చేసుకుంటాననె."

నాయన ఆలోచించి, "ఇద్దరూ ఒకరే గదా బావా" అన్నాడు.

"తెలుసులే" అన్నాడాయన.

ఆ ఎండాకాలంలో పెళ్లయింది. మిగిలిన జుట్టు పెళ్లిని లెక్కచేయకుండా దాని దారిన అది పోయింది. నాలుగేళ్లకు చెవుల పక్కన కొంచెం తప్ప ఏమీ మిగల్లేదు. దిగులు మాత్రం ఒక్కసారిగా పోలేదు. ఎవరైనా నా తల వైపు చూస్తే ఇప్పటికీ నుదురు తడుముకుంటాను.

మొన్న పొదిలిలో దిగి, అత్తగారి ఊరికి ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఎక్కడా నీడ లేదు. నా భార్య నా నెత్తి మీద అరచెయ్యి పెట్టి చూసి, "కాలుతాంది" అని కొంగు తీసి కప్పింది. మా ఎదురుగా చెరకు రసం బండి దగ్గర నలుగురు నిలబడి చూస్తున్నారు. తీసెయ్యమన్నాను. "నిలబడు" అని, ఆటో వచ్చేదాకా కొంగు జారకుండా పట్టుకునే ఉంది.