పట్టలేదు

మా బ్లడ్ బ్యాంకులో నాతో పనిచేసే ఆమెను బొంగరం అంటాం. కుదురుగా ఒక్కచోట నిలబడితే ఒట్టు. అలాంటి మనిషికి ఆ రోజు సొంత అక్క కోసమే రక్తం వెతకాల్సి వచ్చింది. పై అంతస్తులో కాన్పయింది, బిడ్డ క్షేమం. తల్లికి మాత్రం రక్తస్రావం ఆగడం లేదు.

మా పని చెప్పడానికి తేలికే. రోగి రక్తం నుంచి తేరిన సీరంలో దాత ఎర్రకణాలు వేసి, గాజు గొట్టంలో కలిపి చూస్తాం. సీరంలో యాంటీబాడీలుంటే, కణం మీద తమకు గిట్టని ఆకారం కోసం వెతుకుతాయి. అచ్చంగా అదే ఆకారం దొరికితే వదలవు, మిగతా వాటి జోలికి పోవు. కణాలు ఉండలు కడితే "పట్టేసింది" అని ఆ దాత రక్తపు సంచీ పక్కన పెడతాం.

గ్రూపు కలిసినా ఆ రోజు ఏది చూసినా పట్టేస్తోంది. బొంగరం గొట్టాన్ని వెలుతురులో వంచుతుంది, తిట్టుకుంటుంది, ఇంకోటి అందుకుంటుంది. నేను వేరే ఆసుపత్రులకు ఫోన్లు చేస్తున్నాను.

కిటికీ దగ్గర వాళ్ల బావ, తనదీ అదే గ్రూపు కాబట్టి తన రక్తమే తీసుకోమని ఒకటే గొడవ. మొదటి కాన్పులో వాళ్లకు పుట్టిన ఆడబిడ్డ దక్కలేదు.

"ఆ బిడ్డ మాట ఇంట్లో ఎవరం ఎత్తం బావా. అక్క ఒంటికి మాత్రం గుర్తుంది. బిడ్డ రక్తం మీద మీ నుంచి వచ్చిన గుర్తేదో చూసి, అప్పుడే యాంటీబాడీలు తయారుచేసుకుంది. మీ రక్తం ఎక్కిస్తే వాటికి దొరికిపోతుంది" అంది, తల ఎత్తకుండానే.

ఆయన మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

ఇంతలో వేరే ఆసుపత్రి నుంచి ఇంకో సంచీ వచ్చింది. పరీక్ష పెట్టి గొట్టం వంచితే, అడుగునున్న ఎర్రచుక్క ఒక్క ఉండైనా లేకుండా మెత్తగా కరిగింది. "పట్టలేదు బావా, పట్టలేదు" అంటూ సంచీతో మెట్లెక్కి పరుగెత్తింది. మా గదిలో అంతకన్నా తీపి మాట లేదు. ఆయన మాత్రం గోడ పట్టుకుని కూలబడ్డాడు.

పట్టలేదంటే సరిపోయినట్టేనని నేనెంత చెప్పినా ఆయన నమ్మలేదు. చివరికి బొంగరమే ఆయాసపడుతూ దిగొచ్చింది. రక్తం ఎక్కుతోందని, అక్క తేరుకుంటోందని చెప్పింది.

ఆయన చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అయితే, పెద్దదానికి నా పోలిక వచ్చిందన్నమాట?"